కొత్త గోడపూత ఎందుకు పగులుతుంది, ఎందుకు ఊడుతుంది: ఎటోబికో ఇళ్లకు ఒక వివరణ

ఇంటి బయటి గోడకు వేయించిన పూత ఏడాది తిరగకుండానే పగిలితే నింద మొదట సిమెంటు మీద పడుతుంది, ఆ తరువాత మేస్త్రీ మీద పడుతుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. అయితే చెడిపోయిన పూతను విప్పి చూస్తే చాలాసార్లు కనిపించే మూలకారణం నీరే. గట్టిపడవలసిన రోజుల్లో పూతలో నిలిచి ఉండవలసిన నీరు ముందే పోవడం ఒక దోషం. గట్టిపడిన తరువాత లోపలికి చేరిన నీరు బయటికి పోలేకపోవడం మరొక దోషం. ఎటోబికోలో ఈ రెండింటికీ గడ్డకట్టే చలి తోడవుతుంది.

మారిషస్, నటాల్, ఫిజీ చెరకు తోటలకూ, మలయా రబ్బరు తోటలకూ వెళ్లిన మన పూర్వులకు గోడ పూయడం కొత్త విద్య కాదు. మట్టి గోడకు పేడ కలిపిన మట్టి పూయడమూ, రాతి గోడకు సున్నం పూయడమూ వారు ఊళ్లలో చూసినవే. కాని వారు విడిచి వచ్చిన జిల్లాల్లో గాని, చేరిన తోటల్లో గాని గోడలోని నీరు గడ్డకట్టే చలి వారికి ఎదురు కాలేదు. అందువల్ల "గోడను ఎండనివ్వకు" అన్న జాగ్రత్త ఒక్కటే తరాల వెంట మిగిలింది. ఆ జాగ్రత్త ఇక్కడ కూడా సరైనదే, కాని ఇక్కడ అది ఒక్కటే చాలదు. మన కుటుంబాలు ఎటోబికోలో పాత ఇల్లు కొని బయటి గోడకు కొత్త రూపం ఇవ్వాలనుకున్నప్పుడు ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా చెప్పదలచుకున్నాము.

పగుళ్లకు మన మాటలు

గోడకు వేసే పూతను కోస్తా జిల్లాల్లో ప్లాస్టరింగు అనీ, తెలంగాణలో గిలాబు అనీ అంటారు. సున్నంతో చేసినదైతే గచ్చు అన్న పాత మాట ఉంది. పూత చెడిన తీరును చెప్పడానికి తెలుగులో ఒకటి కాదు, అనేక మాటలున్నాయి. తెలుగును మళ్లీ నేర్చుకుంటున్న పాఠకులు వీటిని గమనించవలసిందిగా కోరుతున్నాము. నిత్యవ్యవహారంలో ఇవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయన్నది నిజమే. అయినా విడివిడిగా వాడితే ఇవి గోడ రోగాన్ని గుర్తించడానికి పనికివస్తాయి.

నెర్రె అంటే సన్నని చీలిక. ఎండిన నల్లరేగడి నేల నెర్రెలు విచ్చిందంటాము. కొత్త పూత మీద సాలెగూడు వలె అల్లుకునే వెంట్రుకవాసి గీతలు నెర్రెలే. అవి సాధారణంగా పూత పైపొరకు సంబంధించినవి. బీట అంతకంటె వెడల్పైనది, లోతైనది. కిటికీ మూల నుండి ఏటవాలుగా పాకేది, లేదా ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా దిగేది బీట. అలాంటి చోట్ల పూత వెనుక ఉన్న గోడ గాని, పునాది గాని, చెక్క చట్రం గాని కదిలి ఉంటుంది. పూత ఆ కదలికను బయటపెట్టిందే తప్ప తాను పుట్టించలేదు. పెచ్చు అంటే పలక వలె ఊడివచ్చే ముక్క. డొల్ల అంటే పైకి చక్కగా కనిపిస్తూ లోపల గోడను వదిలేసిన భాగం. వేలి కణుపుతో తడితే గట్టి గోడ "టక్"మంటుంది, డొల్ల గోడ ఖాళీ డబ్బా వలె మోగుతుంది. నేటి డొల్ల రేపటి పెచ్చు అని మేస్త్రీలు ఎరుగుదురు.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు

సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. ఆ కలయిక కొన్ని గంటల్లో మొదలై రోజుల తరబడి సాగుతుంది. నడుమ నీరు పోతే ఆ పని అక్కడే నిలిచిపోతుంది. పైకి పూత గట్టిగానే కనిపించవచ్చు, కాని గోరుతో గీస్తే ఇసుక రాలుతుంది. పైగా నీరు పోయే కొద్దీ పూత కుంచించుకుంటుంది. వెనుక గోడ దానిని పట్టి ఉంచుతుంది, పూత ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగులాటలో ఇంకా బలం రాని పూత నెర్రెలు విచ్చుతుంది. తగిన తేమతో నెమ్మదిగా గట్టిపడిన పూత కూడా కొంత కుంచించుకుంటుంది గాని, అప్పటికి లాగుడును తట్టుకునే బలం దానికి వచ్చి ఉంటుంది.

తెలుగునాట ఇల్లు కట్టేవారు కనీసం వారం రోజులు గోడకు "నీళ్లు పట్టడం" ఇందుకే. ఉదయం, సాయంత్రం గోడను తడపడం, తడి గోనెసంచులు వేలాడదీయడం ఆ పనిలో భాగాలు. ఎటోబికోలో జూలై ఎండ విశాఖ ఎండంత తీవ్రంగా ఉండదన్న ధైర్యంతో ఈ పనిని వదిలివేయడం తగదు. నీటిని లాగివేసేది ఎండ ఒక్కటే కాదు, పొడి గాలి అంతకంటె వేగంగా లాగివేస్తుంది. పడమటి గోడకు మధ్యాహ్నం పూత వేసి సాయంత్రానికి వదిలివెళితే మరునాటికే నెర్రెలు కనిపించవచ్చు. ఎండ వెంట కాక నీడ వెంట పని నడపాలి. ఉదయం పడమటి గోడ, మధ్యాహ్నం తరువాత తూర్పు గోడ అన్న పాత క్రమం ఇక్కడ కూడా చెల్లుతుంది. మొదటి పొరలను కనీసం 48 గంటలు తేమగా ఉంచడం, పైపొరకు ముందు మరికొన్ని రోజులు ఆగడం మంచి పద్ధతి. పాత మేస్త్రీలు వారం ఆగేవారు. ఇవాళ అంత ఆగేవారు తక్కువ.

మరొక చిన్న విషయం. తాపీతో అతిగా రుద్దితే సిమెంటు పాలు, సన్నని పొడి పైకి తేలుతాయి. ఆ పై పొర అద్దం వలె నునుపుగా ఉంటుంది, కింది పొరకంటె ఎక్కువగా కుంచించుకుంటుంది, కనుక తొందరగా చిట్లుతుంది. నునుపు చూసి మెచ్చుకునే యజమానులే ఈ దోషానికి కొంత కారణం.

పట్టు లేని చోట పూత

పూత ఊడిపోవడానికి కారణం వెతకవలసినది పూతలో కాదు, దాని వెనుక. రెండవ ప్రపంచయుద్ధం తరువాతి దశాబ్దాల్లో కట్టిన ఇటుక ఇళ్లు ఎటోబికోలో ఎక్కువ. పొడి ఇటుక స్పంజి వంటిది. తడపకుండా పూత వేస్తే మాలులోని నీటిని క్షణాల్లో పీల్చుకుంటుంది. అప్పుడు ఇటుకకు ఆనుకొని ఉన్న పలుచని పొరలో సిమెంటు గట్టిపడటానికి నీరే మిగలదు. కొన్ని నెలల తరువాత పూత పలకగా విడివడితే, దాని వెనుక భాగాన్ని వేలితో రుద్దితే పొడి రాలుతుంది. అది ఈ దోషానికి గుర్తు. అలాగని గోడను నీరు కారేలా ముంచివేయడం కూడా తప్పే. పీల్చుకునే శక్తి పూర్తిగా పోతే మాలు ఇటుక రంధ్రాల్లోకి వెళ్లి పట్టుకోలేదు. ఇటుక తడిసి ఉండాలి, కాని మీద నీరు మెరుస్తూ నిలవకూడదు.

కాంక్రీటు గోడకు సమస్య ఇందుకు విరుద్ధం. అది నునుపైనది, నీటిని పీల్చదు. అందుకే మన ఊళ్లలో స్తంభాల మీద, దూలాల మీద ఉలితో గాట్లు కొడతారు. స్తంభం, ఇటుక గోడ కలిసే చోట కోళ్ల జాలి వంటి సన్నని ఇనుప జాలిని బిగిస్తారు. అవి రెండూ ఎండకు, చలికి ఒకే విధంగా సాగవు గనుక ఆ జాలి లేని చోట స్తంభం పొడవునా నిలువు బీట పడుతుంది.

ఎటోబికోలో మరొక చిక్కు ఉంది. పాత ఇటుక గోడలకు ఎవరో ఎప్పుడో రంగు వేసి ఉంటారు. రంగు మీద వేసిన పూత ఇటుకను అంటుకోదు, రంగునే అంటుకుంటుంది. ఆ రంగు వదిలిన రోజున పూత మొత్తం దానితోనే వస్తుంది. రంగును పూర్తిగా తీసివేయాలి, లేదా గోడకు ఇనుప జాలిని మేకులతో బిగించి దాని మీద పూత వేయాలి. "రంగు గట్టిగానే ఉంది, పరవాలేదు" అన్న మాటను నమ్మవద్దని మా సలహా.

సిమెంటు ఎక్కువైతే

ఇది మన ఇళ్లలో తరచు వినిపించే మాట: "ఇంకొంచెం సిమెంటు వేయించు, గట్టిగా ఉంటుంది." పెద్దల ఉద్దేశం మంచిదే. సిమెంటు ఖరీదైన రోజుల్లో గుత్తేదారు దానిని మిగుల్చుకునేవాడు, కనుక ఆ హెచ్చరిక పుట్టింది. కాని పూతకు గట్టితనమే గుణం కాదు. సిమెంటు పాలు పెరిగిన కొద్దీ పూత ఎక్కువగా కుంచించుకుంటుంది, పెళుసుగా మారుతుంది. ఇక్కడి నియమావళి అడిగేది ఒక పాలు సిమెంటు, సున్నం మిశ్రమానికి సుమారు మూడుంపావు నుండి నాలుగు పాళ్ల ఇసుక. అందులో సున్నం కలపడం అలంకారానికి కాదు. సున్నం నీటిని పట్టి ఉంచుతుంది, మాలుకు జిగి ఇస్తుంది, గట్టిపడిన తరువాత కొంత కదలికను ఓర్చుకుంటుంది.

పూతల విద్యలో ఒక పాత సూత్రం ఉంది. పైపొర కింది పొరకంటె బలమైనది కాకూడదు, పూత మొత్తం గోడకంటె బలమైనది కాకూడదు. మిమికో, న్యూ టొరంటో, లాంగ్ బ్రాంచ్ ప్రాంతాల్లో ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో కట్టిన ఇళ్లు కొన్ని మిగిలాయి. అటువంటి ఇళ్లలో మెత్తని ఇటుకా, సున్నపు మాలూ ఎదురుకావచ్చు. వాటి మీద గట్టి సిమెంటు పూత వేస్తే, అది కుంచించుకున్నప్పుడు ఇటుక ముఖాన్ని చీల్చుకొని వస్తుంది. ఊడిన పెచ్చు వెనుక ఎర్రని ఇటుక పొర అంటుకొని ఉంటే, ఓడినది పూత కాదు, గోడ.

సున్నం విషయంలో మన నాడు గొప్ప అనుభవం గలది. కోస్తాలో గానుగ సున్నం, తెలంగాణలో డంగు సున్నం అన్న మాటలు ఇంకా బతికే ఉన్నాయి. ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద సున్నమూ ఇసుకా నలిగి వెన్న వలె అయ్యేవి. బెల్లపు నీరు, కరక్కాయ నీరు అందులో కలిపేవారు. 1591లో కట్టిన చార్మినార్ గచ్చు అలంకరణ ఈ సున్నపు విద్యకు చెందినదే. దానికి కూడా వాన, కాలుష్యం, కాలం తప్పలేదు. 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు పెచ్చు ఊడిపడింది. శతాబ్దాలు నిలిచిన గచ్చుతో నిన్న వేసిన పూతను పోల్చడం అన్యాయమే గాని, సున్నం నెమ్మదిగా గట్టిపడుతుందన్నదీ, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి రాయిగా మారుతుందన్నదీ, తేమను బయటికి పోనిస్తుందన్నదీ గుర్తుంచుకోదగినవి.

ఇసుక గురించి ఒక మాట. మట్టి, ఒండ్రు కలిసిన ఇసుక ఎక్కువ నీరు అడుగుతుంది, ఎక్కువ నీరు పోసిన మాలు ఎక్కువగా కుంచించుకుంటుంది. మారిషస్‌లో 2001లో లగూన్ల ఇసుక తవ్వకాన్ని ఆపివేసిన తరువాత నల్లరాతిని పిండి చేసిన ఇసుక వాడుకలోకి వచ్చింది. అక్కడి బంధువులు ఇల్లు కట్టేటప్పుడు ఆ ఇసుకలో సన్నని రాతిపొడి పాలు ఎంత ఉందో చూసుకోవలసిందే. గుప్పెడు ఇసుకను సీసాలో నీటితో కలిపి నిలబెడితే కొన్ని గంటల్లో పైన పేరుకునే బురద పొర సంగతి చెబుతుంది.

ఎటోబికో చలి

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పూర్తిగా గట్టిపడిన పూత దానిని కొంతవరకు తట్టుకుంటుంది. నిన్న వేసిన పూత తట్టుకోలేదు. దానిలోని నీరు గడ్డకట్టి రేణువుల నడుమ పట్టును విడదీస్తుంది. తరువాత కరిగినా ఆ పట్టు తిరిగి రాదు. అటువంటి పూత వసంతకాలంలో ఇసుకగా రాలుతుంది.

కెనడా నమూనా భవన నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పూత వేసే గోడ గడ్డకట్టే స్థితిలో ఉండకూడదు. పూతను వేసేటప్పుడూ, వేసిన తరువాత కనీసం 48 గంటల పాటూ 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా కాపాడాలి. రెండు అడుగు పొరలు, ఒక పైపొర, మొత్తం మందం 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పగటి ఎండ చూసి "ఇంకా వెచ్చగానే ఉంది" అనుకునే అక్టోబరులో రాత్రి ఉష్ణోగ్రత ఆ 10 డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ మామూలు. అందువల్ల గుడారమూ, వేడి యంత్రమూ లేకుండా పూత వేయదగిన కాలం మే చివరి నుండి సెప్టెంబరు వరకే అని మా అభిప్రాయం. శరదృతువులో పనివారు తొందరపడతారు, యజమానులూ తొందరపడతారు, ఎందుకంటే శీతాకాలం ముందే లెక్క తేలాలని ఇద్దరికీ ఉంటుంది. ఆ తొందర ఖరీదు ఏప్రిల్‌లో తెలుస్తుంది.

గట్టిపడిన పూతకు మరొక ముప్పు ఉంది. టొరంటో శీతాకాలంలో ఉష్ణోగ్రత ఒకసారి సున్నా కిందికి దిగి అక్కడే ఉండిపోదు. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం పదేపదే జరుగుతుంది. ఒక నెర్రెలోకి చేరిన నీరు ప్రతిసారీ దానిని కొద్దికొద్దిగా విడదీస్తుంది. నెర్రె బీట కావడానికి ఒక్క శీతాకాలం చాలు. గోడ అడుగుభాగం మరీ ప్రమాదంలో ఉంటుంది. మంచు అక్కడే పేరుకుంటుంది, దారి మీద చల్లిన ఉప్పు నీటితో అక్కడికే ఎగురుతుంది. ఉప్పు పూత లోపల స్ఫటికాలుగా పేరుకొని పొరలను పైకి లేపుతుంది. మన చౌడు నేలల్లో గోడ అడుగున తెల్లని పొడి పట్టి సున్నం రాలడం చూసినవారికి ఇది కొత్త దృశ్యం కాదు. కట్టె చట్రం ఇంటికి పూత అడుగు అంచు నేల నుండి కనీసం 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఆగాలని నియమావళి చెప్పడానికి ఇదొక కారణం. తరువాత పూలమొక్కల కోసం మట్టి పోసి ఆ ఎత్తును కప్పివేసే అలవాటు మన ఇళ్లలో లేకపోలేదు.

లోపలికి చేరిన నీరు

ఇక్కడి కొత్త ఇళ్లు చాలావరకు కట్టె చట్రంతో కట్టినవి. పూత వెనుక తేమను ఆపే పొర, దాని వెనుక చెక్క పలక ఉంటాయి. పూత నీటిని పూర్తిగా ఆపగలదని నమ్మి కట్టడం ఎంత నష్టం తెచ్చిందో వాంకూవరు చెబుతుంది. అక్కడ 1980, 1990 దశకాల్లో పూత వేసిన అపార్టుమెంట్లు అనేకం లోలోపల కుళ్లిపోయాయి. 1998లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం మాజీ ప్రీమియర్ డేవ్ బారెట్ అధ్యక్షతన విచారణ జరిపించింది. అదే దశకంలో అమెరికాలోని నార్త్ కరోలినాలో నురుగు పలకల మీద ఆక్రిలిక్ పూత వేసిన ఇళ్లలోనూ ఇదే జరిగింది. ఆ పూతలు చాలావరకు పైకి బాగానే ఉన్నాయి. కిటికీ చుట్టూ, బాల్కనీ అంచున చేరిన నీరు వెనుకకు దిగి, దారి లేక అక్కడే నిలిచింది. ఆ తరువాత పూత వెనుక సన్నని గాలి సందు వదలడం, కిటికీల మీద రేకు అంచులు పెట్టడం, అడుగున నీరు కారే పట్టీ అమర్చడం మంచి పనికి గుర్తులయ్యాయి. ఎటోబికోలో నురుగు పలకల పూత వేయించేవారు గుత్తేదారును మొదట అడగవలసిన ప్రశ్న, వెనుక చేరిన నీరు ఎటు పోతుంది అని.

చట్రం మీద వేసిన సిమెంటు పూతకు విభజన సందులు కూడా కావాలి. ఉత్తర అమెరికా ప్రమాణం ప్రకారం గోడ మీద ఒక్కొక్క భాగం 144 చదరపు అడుగులకు మించకూడదు, ఏ వైపూ 18 అడుగులు దాటకూడదు. సందు గీతలు అందాన్ని చెడగొడతాయని వద్దంటే, గోడ తన సందులను తానే ఏర్పరచుకుంటుంది.

చూడటం, బాగుచేయడం

పగులు కనిపించిన వెంటనే సిమెంటు పూసి మూసివేయవద్దు. దాని కొనల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయాలి. ఒక ఋతువు గడిచినా గీత దాటకపోతే అది నిద్రించే పగులు. దాటితే గోడ కదులుతున్నదని అర్థం. ఆ కదలికకు కారణం తెలియకుండా పూతను ముట్టుకోవడం వృథా. గోడ మీద నీరు చల్లి ఆరనిస్తే నెర్రెలు నల్లని గీతలుగా కొంతసేపు నిలుస్తాయి. ఆ విధంగా అవి ఎంత దూరం వ్యాపించాయో తెలుస్తుంది. తరువాత కొయ్య పిడితో గోడ అంతటా తట్టి డొల్ల భాగాలను సుద్దముక్కతో గుర్తించాలి.

వెంట్రుకవాసి నెర్రెలను తరచు వదిలివేయవచ్చు, లేదా తేమను పోనిచ్చే సున్నపు లేక ఖనిజ రంగు వేయవచ్చు. మందమైన ప్లాస్టిక్ రంగుతో కప్పితే నీరు లోపలే చిక్కుకొని బుడగలు లేస్తాయి. డొల్ల భాగాన్ని మాత్రం గట్టి పూత వచ్చేవరకు చతురస్రంగా కోసి తీసివేయాలి. దుమ్ము కడిగి, తడిపి, పాత పూత బలానికి తగిన మాలుతో పొరలు పొరలుగా నింపాలి. పక్కన ఉన్నదానికంటె గట్టి మాలు పెడితే అతుకు చుట్టూ కొత్త పగులు వస్తుంది.

కొత్త ఇల్లు కొన్నవారికి ఒంటారియోలో ఒక రక్షణ ఉంది. టారియన్ అమలు చేసే హామీలో బయటి పొర విడివడటం, కదిలిపోవడం, పాడవడం, గోడ గుండా నీరు లోపలికి రావడం రెండేళ్ల హామీ కిందికి వస్తాయి. గడువు లోపల లిఖితపూర్వకంగా తెలపాలి, ఫోటోలు తేదీలతో ఉంచుకోవాలి. పాత ఇంటికి కొత్తగా పూత వేయించిన పనికి ఈ హామీ వర్తించదు. అక్కడ మనకు మిగిలేది ఒప్పందపత్రమే. అందులో పొరల సంఖ్య, మందం, మాలు పాళ్లు, గోడను సిద్ధం చేసే విధానం, నీళ్లు పట్టే రోజులు, ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు తగ్గితే పని ఆపాలన్న షరతు వ్రాయించుకోవాలి. ఇంటికి వచ్చి ఒప్పందం కుదుర్చుకునే వ్యాపారితో 50 డాలర్లకు మించిన పని అయితే, ఒంటారియో వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాతప్రతి అందిన తరువాత 10 రోజుల లోపల కారణం చెప్పకుండానే దానిని రద్దు చేసుకోవచ్చు.